తలుపు ఒకచోట, జాబితా మరోచోట

2021 మే 7. తెల్లవారి ఐదు కావస్తుండగా అమెరికాలోని కొలోనియల్ పైప్‌లైన్ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో ఒక ఉద్యోగికి కంప్యూటర్ తెర మీద బెదిరింపు నోటు కనిపించింది. ఫైళ్లకు తాళం పడింది, తీయాలంటే డబ్బు కట్టాలని దాని సారాంశం. కాసేపట్లోనే కంపెనీ పైప్‌లైన్ మొత్తాన్ని ఆపేసింది. హ్యూస్టన్ నుంచి న్యూయార్క్ రేవు దాకా సుమారు 8,850 కిలోమీటర్ల పొడవున్న ఆ గొట్టాల్లోంచే అమెరికా తూర్పు తీరానికి కావాల్సిన ఇంధనంలో 45 శాతం వెళ్తుంది. పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. చాలా బంకుల్లో నిల్వలు నిండుకున్నాయి. పైప్‌లైన్ మళ్లీ కదిలింది మే 12న. ఈలోగా కంపెనీ 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి లెక్కన 44 లక్షల డాలర్లు సమర్పించుకుంది.

ఇంత పని చేసిన ముఠా లోపలికి ఎలా వచ్చింది? సినిమాల్లో చూపించే హ్యాకింగ్ విన్యాసాలేవీ అక్కడ జరగలేదు. ఏప్రిల్ 29న ఒక పాత వీపీఎన్ అకౌంటు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి దర్జాగా లాగిన్ అయ్యారు. అది వాడుకలో లేని అకౌంటు. కానీ ఎవరూ మూయలేదు. దాని పాస్‌వర్డ్ చోరీ సొత్తు అమ్ముకునే చీకటి సైట్లలో దొరికింది. ఓటీపీ లాంటి రెండో తనిఖీ లేదు. అది తేలిగ్గా ఊహించగల పాస్‌వర్డ్ కాదని, కష్టమైనదేనని కంపెనీ అధిపతి జోసెఫ్ బ్లౌంట్ జూన్‌లో సెనేట్ కమిటీ ముందు చెప్పుకొచ్చారు. నిజమే కావచ్చు. అయితే పాస్‌వర్డ్ ఎంత కష్టమైనదైనా, ఒకసారి దొంగ చేతిలో పడ్డాక దానికి ఆ కష్టంతో పనేముంది?

వీపీఎన్ అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసుకునే రహస్య సొరంగం అని చాలామందికి తెలుసు. అది చేసే పనులు రెండు. దారిలో ఎవరూ చదవకుండా సమాచారాన్ని సంకేతాల్లోకి మార్చడం ఒకటి. అవతలి కొసన ఉన్నది ఎవరో పోల్చుకోవడం రెండోది. మొదటి పనిని గణితశాస్త్రం దాదాపు చక్కబెట్టేసింది. ఇవాళ్టి సంకేత పద్ధతులను బద్దలుకొట్టి లోపలికి వచ్చిన దొంగల కథలు బహు అరుదు. వార్తల్లోకి ఎక్కేవాటిలో చాలావరకు రెండో పని దగ్గర బెడిసికొట్టినవే. వచ్చినవాడు ఎవడు, ఇంకా మనవాడేనా, ఆ మాట చెప్పాల్సిందెవరు అన్న ప్రశ్నల దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

మొదట్లో ఈ రెండో పనిని ఆఫీసు కొసన ఉండే వీపీఎన్ పెట్టె ఒక్కటే చూసుకునేది. అడ్మిన్ దాంట్లోనే యూజర్ల పేర్లు, పాస్‌వర్డ్‌లు నమోదు చేసేవాడు. పాతికమంది ఉన్న ఆఫీసుకు ఇప్పటికీ అది సరిపోతుంది. ఐదొందల మంది అయితే? ఉద్యోగికి మెయిల్‌కు ఒక పాస్‌వర్డ్, ఫైల్ సర్వర్‌కు ఒకటి, వీపీఎన్‌కు మరొకటి. మానేసినప్పుడు ఈ మూడు చోట్లా పేరు కొట్టేయాలి. రెండుచోట్ల కొట్టేసి మూడోది మరిచిపోవడం మానవ సహజం. రైలు టీటీఈ చేతిలో ఒకప్పుడు కాగితం చార్టు ఉండేది. అచ్చయ్యాక ఎవరు టికెట్ రద్దు చేసుకున్నారో దానికి తెలియదు. ఇప్పుడు టీటీఈ చేతిలోని యంత్రం రిజర్వేషన్ సర్వర్‌తో మాట్లాడుతుంది కనుక తాజా సంగతి తెలుస్తుంది. వీపీఎన్ పెట్టెలోని సొంత జాబితా ఆ కాగితం చార్టు. డైరెక్టరీ సర్వర్ ఆ రిజర్వేషన్ సర్వర్.

డైరెక్టరీ సర్వర్ అంటే సంస్థలోని మనుషులు, కంప్యూటర్లు, గ్రూపుల వివరాలన్నీ ఒక్కచోట ఉంచే యంత్రం. కార్పొరేట్ ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించేది మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ. విండోస్ 2000 సర్వర్‌తో పాటు బయటికొచ్చింది. డబ్బు కట్టక్కర్లేని ఓపెన్‌ఎల్‌డాప్ 1998లో మొదలైంది. ఇలాంటి డైరెక్టరీలను ప్రశ్నలు అడగడానికి వాడే భాష పేరు ఎల్‌డాప్. 1988లో టెలిఫోన్ సంస్థల అంతర్జాతీయ కూటమి ఎక్స్.500 అనే భారీ ప్రమాణం తెచ్చింది. ప్రపంచం మొత్తానికీ ఒకే డైరెక్టరీ ఉండాలన్నంత ఆశ దాని వెనక ఉంది. ఆనాటి చిన్న పర్సనల్ కంప్యూటర్లు ఆ బరువు మోయలేకపోయాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హోవెస్, మరికొందరు దాన్ని పలుచన చేసి, మామూలు ఇంటర్నెట్ మీద నడిచేలా 1993లో ఎల్‌డాప్‌ను రాశారు. పేరులోని మొదటి అక్షరం ఆ ‘తేలిక’ కోసమే. ప్రపంచ డైరెక్టరీ కల కలగానే మిగిలిపోయింది. ఆ కల కోసం పుట్టిన భాష మాత్రం ప్రతి ఆఫీసులోకీ దూరింది.

ఇప్పుడు ఒక్క లాగిన్‌ను దగ్గరగా చూద్దాం. సుజాత అనే ఉద్యోగిని ఇంటి నుంచి వీపీఎన్ తెరిచి పేరు, పాస్‌వర్డ్ కొట్టింది. వీపీఎన్ పెట్టెకు ఆమె ఎవరో తెలియదు. తనకంటూ డైరెక్టరీలో ఉన్న ఒక సేవా అకౌంటుతో ముందు తానే లాగిన్ అయి, ‘సుజాత అనే లాగిన్ పేరున్న వ్యక్తి ఎక్కడుంది?’ అని వెతుకుతుంది. డైరెక్టరీ ఆమె పూర్తి చిరునామా ఇస్తుంది. అది పోస్టల్ అడ్రసులాగే చిన్నదాని నుంచి పెద్దదానికి పోతుంది: ముందు ఆమె పేరు, తర్వాత అకౌంట్స్ విభాగం, తర్వాత హైదరాబాద్ ఆఫీసు, చివర కంపెనీ డొమైన్. అప్పుడు పెట్టె రెండో అడుగు వేస్తుంది. ఆ పూర్తి చిరునామాతో, సుజాత కొట్టిన పాస్‌వర్డ్‌తో, ఆమె తరఫున డైరెక్టరీలోకి లాగిన్ అవడానికి ప్రయత్నిస్తుంది. దీన్నే ‘బైండ్’ అంటారు. డైరెక్టరీ నుంచి 0 అని జవాబొస్తే పాస్‌వర్డ్ సరైనదే. 49 అని వస్తే కాదు.

గమనించాల్సింది ఏమిటంటే, డైరెక్టరీ తన దగ్గరున్న పాస్‌వర్డ్‌ను పెట్టెకు ఎప్పుడూ చూపించదు. పెట్టె తెచ్చినదాన్ని సరిచూసి అవుననో కాదనో అంటుంది, అంతే. అయితే సుజాత కొట్టిన పాస్‌వర్డ్ పెట్టె చేతిలోంచి డైరెక్టరీ దాకా ప్రయాణం చేయాలి కదా. ఎల్‌డాప్ మామూలుగా వాడే 389 పోర్టులో అదనపు రక్షణ పెట్టకపోతే అది ఉన్నదున్నట్టు, చదవడానికి వీలుగా వెళ్తుంది. ఇంటర్నెట్‌లో అంత కట్టుదిట్టంగా సొరంగం తవ్వి, ఆఫీసు లోపలి తీగ మీద పాస్‌వర్డ్‌ను బట్టబయలుగా పంపే సంస్థలు ఇప్పటికీ ఉన్నాయి. 636 పోర్టులో టీఎల్ఎస్ అనే సంకేత రక్షణతో పంపడం పెద్ద పనేమీ కాదు. సర్టిఫికెట్ పెట్టుకోవాలన్న బద్ధకమే అడ్డం.

ఆ 49 వెనక యాక్టివ్ డైరెక్టరీ ఇంకో చిన్న సంకేతం కూడా జతచేస్తుంది. 52ఈ అంటే పాస్‌వర్డ్ తప్పు. 532 అంటే గడువు తీరింది. 533 అంటే అకౌంటు డిసేబుల్ చేశారు. 775 అంటే తప్పు ప్రయత్నాలు ఎక్కువై లాక్ అయింది. తెర మీద సుజాతకు కనిపించేది మాత్రం ‘లాగిన్ విఫలమైంది’ అన్న ఒక్క ముక్కే. అది కావాలనే అలా పెట్టారు. అకౌంటు ఉందో లేదో, లాక్ అయిందో లేదో బయటివాడికి తెలియనివ్వకూడదు. కానీ హెల్ప్‌డెస్క్‌లో కూర్చున్నవాళ్లు లాగ్‌లో ఆ అంకె చూడకుండానే అడిగిన ప్రతివాళ్లకూ పాస్‌వర్డ్ రీసెట్ చేసి పంపిస్తుంటారు. ఫోన్‌లో దాచిన పాత పాస్‌వర్డ్ పదే పదే తలుపు తడుతూ అకౌంటును లాక్ చేస్తుంటే, ఎన్నిసార్లు రీసెట్ చేస్తే మాత్రం ఏం లాభం?

ఎల్‌డాప్ మర్యాదలోనూ ఒక మెలిక ఉంది. పేరు ఇచ్చి, పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలేసి బైండ్ అడిగితే పాత సర్వర్లు చాలావరకు ‘పేరు చెప్పని అతిథి’గా లెక్కగట్టి లోపలికి రానిచ్చేవి. అంటే జవాబు 0. అతిథికి డైరెక్టరీలో పెద్దగా ఏమీ కనిపించదు కాబట్టి డైరెక్టరీ వైపు నుంచి చూస్తే దీనివల్ల నష్టం లేదు. మరి అవతల ఉన్న వీపీఎన్ పెట్టె సంగతి? దానికి వినిపించింది 0 ఒక్కటే. పాస్‌వర్డ్ సరిపోయిందనుకుని తలుపు బార్లా తెరుస్తుంది. సుజాత పేరు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ ఏమీ కొట్టకుండానే లోపలికి! 2006లో వచ్చిన ఎల్‌డాప్ ప్రమాణం ఈ ప్రమాదాన్ని పేరుపెట్టి హెచ్చరించింది. ఖాళీ పాస్‌వర్డ్‌ను క్లయింటే ఆపాలని, సర్వర్లు కూడా మామూలుగా తిరస్కరించాలని చెప్పింది. అయినా కొత్తగా రాసే ప్రోగ్రాముల్లో ఈ తప్పు మళ్లీ మళ్లీ తలెత్తుతూనే ఉంది. ఇందులో అబద్ధమాడింది ఎవరూ లేరు. ఇద్దరూ నిజమే చెప్పుకున్నారు, కానీ ఒకరి ‘అవును’ మరొకరికి వేరే అర్థంలో చేరింది.

ఇలాంటిదే ఇంకా విచిత్రమైన ఉదంతం 2020 జులైలో బయటపడింది. తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న గొడవ లేదు. ఇంగ్లీషులో ఉంది. ఎల్‌డాప్ డైరెక్టరీ సాధారణంగా యూజర్‌నేమ్‌లో ఆ తేడా పట్టించుకోదు, ఎలా కొట్టినా ఒకే మనిషి. ఫోర్టినెట్ కంపెనీ వీపీఎన్ పెట్టె మాత్రం తన సొంత జాబితాలో ఆ తేడా చూసేది. ఓటీపీ తప్పనిసరి అన్న నియమం ఆ సొంత జాబితాలో ఉండేది, పాస్‌వర్డ్ సరిచూసే పని డైరెక్టరీది. దొంగిలించిన పాస్‌వర్డ్ ఉన్నవాడు యూజర్‌నేమ్‌లో మొదటి అక్షరాన్ని చిన్నది బదులు పెద్దది కొట్టేవాడు. పెట్టె తన జాబితాలో వెతికి ‘ఈ పేరున్నవాళ్లు నా దగ్గర లేరు, కాబట్టి ఓటీపీ నియమం వర్తించదు’ అనుకునేది. డైరెక్టరీ గ్రూపుకు అనుమతి ఇచ్చి ఉంటే నేరుగా అక్కడ అడిగేది. డైరెక్టరీ ‘ఆ, మనవాడే’ అనేది. ఓటీపీ అడగకుండానే తలుపు తెరుచుకునేది. కీబోర్డు మీద షిఫ్ట్ మీట ఒక్కటి నొక్కితే రెండో తాళం మాయం. కంపెనీ ఆ జులైలోనే సవరణ ఇచ్చింది. సవరణ వచ్చినా వేసుకోని పెట్టెల మీద ఈ చిట్కాతో దాడులు ఆ తర్వాతా జరిగాయి.

చాలా సంస్థల్లో పెట్టెకూ డైరెక్టరీకీ మధ్య మరో మధ్యవర్తి ఉంటుంది, పేరు రేడియస్. ఫోన్ లైన్ మీద మోడెమ్ కీచుకీచుమంటూ ఇంటర్నెట్‌కు కలిసే రోజుల్లో పుట్టింది. 1991లో మిషిగన్‌లోని మెరిట్ నెట్‌వర్క్ అనే సంస్థ తన డయల్-ఇన్ యూజర్లను ఒకేచోట సరిచూసే పద్ధతి కావాలని అడిగితే, లివింగ్‌స్టన్ ఎంటర్‌ప్రైజెస్ అనే కంపెనీ తయారుచేసి ఇచ్చింది. ఎల్‌డాప్, రేడియస్ రెండింటి మూలాలూ యాన్ ఆర్బర్ అనే ఒకే విశ్వవిద్యాలయ పట్టణంలో కలుస్తాయి. రేడియస్ జవాబులు మూడు రకాలు: రానివ్వు, రానివ్వకు, ఇంకో ప్రశ్న అడుగు. ఓటీపీ అడగడానికి ఈ మూడోది బాగా కలిసొచ్చింది. అందుకే ఇంత వయసు మీదపడినా రేడియస్ రిటైర్ కాలేదు.

ఆ వయసు ఒక్కోసారి బయటపడుతుంది. రేడియస్ తన జవాబు మధ్యలో ఎవరూ మార్చలేదని నిరూపించుకోవడానికి ఎండీ5 అనే ముద్ర వాడుతుంది. ఎండీ5 ముద్రను ఏమార్చవచ్చని చైనా శాస్త్రజ్ఞురాలు వాంగ్ షియావోయున్ బృందం 2004లోనే చూపించింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 జులైలో, అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులు దాన్నే రేడియస్ మీద ప్రయోగించి ‘బ్లాస్ట్‌రేడియస్’ అనే దాడిని వెల్లడించారు. దారి మధ్యలో కూర్చున్నవాడు సర్వర్ పంపిన ‘రానివ్వకు’ను నిమిషాల్లో ‘రానివ్వు’గా మార్చేయగలడు. పాస్‌వర్డ్ ఊహించక్కర్లేదు, రెండు యంత్రాలు పంచుకున్న రహస్యమూ తెలియక్కర్లేదు. ప్రతి సందేశానికీ మరింత గట్టి ముద్ర తప్పనిసరి చేయడం, లేదా రేడియస్‌ను టీఎల్ఎస్ సొరంగంలో నడపడం దీనికి విరుగుడు.

పాస్‌వర్డ్ సరైనదే అని తేలాక ఇంకో ప్రశ్న మిగులుతుంది. సుజాత మన ఉద్యోగే, సరే. ఆమెకు వీపీఎన్ వాడే అనుమతి ఉందా? ఇక్కడ గ్రూపు అక్కరకొస్తుంది. డైరెక్టరీలో ‘వీపీఎన్ యూజర్లు’ అని ఒక గ్రూపు పెట్టి, అందులో ఉన్నవాళ్లనే రానివ్వమని పెట్టెకు చెప్తారు. గ్రూపులో గ్రూపు పెడితే మళ్లీ తంటా. హైదరాబాద్ టీమ్ మొత్తాన్ని వీపీఎన్ గ్రూపులో చేర్చారనుకుందాం, సుజాత హైదరాబాద్ టీమ్‌లో ఉంది. ఆమె రికార్డులో నేరుగా కనిపించేది టీమ్ పేరే కానీ వీపీఎన్ గ్రూపు పేరు కాదు. లోపలి దాకా తవ్వి చూడమని ప్రత్యేకంగా చెప్పకపోతే, హక్కున్న మనిషినే పెట్టె గెంటేస్తుంది. గ్రూపు తనిఖీ పెట్టడమే మరిచిపోతే ఇంకా ప్రమాదం. డైరెక్టరీలో పేరున్న ప్రతివాళ్లూ, ప్రింటర్ స్కానింగ్ కోసం పెట్టిన అకౌంటు సహా, దర్జాగా లోపలికి రావచ్చు.

మానేసిన మనిషి సంగతి? హెచ్ఆర్ చెప్పగానే అడ్మిన్ డైరెక్టరీలో అకౌంటు డిసేబుల్ చేస్తాడు. యాక్టివ్ డైరెక్టరీ రికార్డులో మామూలుగా 512 అని ఉండే అంకె 514గా మారుతుంది. మార్పు అంతే. తర్వాతి లాగిన్‌కు 533 ఎదురవుతుంది. కానీ అప్పటికే తెరిచి ఉన్న సొరంగం దానంతటదే మూసుకోదు. పెట్టె మళ్లీ డైరెక్టరీని అడిగే దాకా నడుస్తూనే ఉంటుంది. ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ ప్రోగ్రాము మామూలు అమరికలో గంటకోసారి తాళాలు మార్చుకుంటూ పాస్‌వర్డ్‌నూ మళ్లీ సరిచూస్తుంది. ఈ మంచి అలవాటే ఓటీపీ పెట్టిన ఆఫీసుల్లో తలనొప్పి అయింది. గంట కిందటి ఓటీపీ ఇప్పుడు చెల్లదు కదా! సరిగ్గా గంటకోసారి మీటింగ్ మధ్యలో లైన్ తెగి, జనం ఇంటర్నెట్ కంపెనీని తిట్టుకున్నారు. ఒకసారి లాగిన్ అయ్యాక సర్వర్ ఒక తాత్కాలిక టోకెన్ ఇచ్చే ఏర్పాటు తర్వాత వచ్చింది. 2020లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన వైర్‌గార్డ్ అనే మరో వీపీఎన్ దారి పూర్తిగా వేరు. అది తాళాల జతలనే తప్ప మనుషులను ఎరగదు. వేగానికి అది పెట్టింది పేరు. డైరెక్టరీతో ముడిపెట్టే పని మాత్రం పైన ఇంకొకరు చేసిపెట్టాలి.

రెండో తనిఖీ ఉంటే ఈ బాధలన్నీ తీరుతాయా? చాలావరకు తీరుతాయి, పూర్తిగా కాదు. 2022లో దాడి జరిగింది సాక్షాత్తూ వీపీఎన్‌లు తయారుచేసి అమ్మే సిస్కో మీద. ఒక ఉద్యోగి సొంత గూగుల్ అకౌంటులో, బ్రౌజర్ దాచిపెట్టిన ఆఫీసు పాస్‌వర్డ్ దొంగలకు చిక్కింది. ఆ తర్వాత ఫోన్‌కు ‘అనుమతిస్తారా?’ అన్న నోటిఫికేషన్లు వరసగా పంపారు, నమ్మకస్తుల్లా ఫోన్లు చేశారు. విసిగి వేసారో, నమ్మో ఆ ఉద్యోగి ఒక్కసారి ‘సరే’ నొక్కేశాడు. అది చాలింది. ఆ తర్వాత దొంగలు తమ సొంత ఫోన్లనే రెండో తనిఖీ కోసం నమోదు చేసుకున్నారు. లాగిన్ తెర మీద కనిపించే అంకెను ఫోన్‌లో కొట్టాలన్న నియమాన్ని మైక్రోసాఫ్ట్ 2023 మేలో తన యాప్‌లో తప్పనిసరి చేయడానికి ఇలాంటి దాడులే కారణం.

తెలుగు రాష్ట్రాల్లో వీపీఎన్ అన్న మాట ఇంటింటి మాట అయింది 2020 మార్చిలో. అంతకుముందు మన దేశంలో కాల్ సెంటర్లు, బీపీఓలు ఇంటి నుంచి పని చేయించాలంటే టెలికాం శాఖ నిబంధనలు అడ్డుపడేవి, డిపాజిట్ కట్టాలి, టెలికాం కంపెనీ ఇచ్చే ప్రత్యేక వీపీఎన్ తీసుకోవాలి. లాక్‌డౌన్ ముంచుకొస్తుంటే వాటిని సడలించారు, ఆ నవంబరులో నిబంధనలనే మార్చేశారు. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఖాళీ అయి ఆ పని అంతా ఊళ్లకు చేరింది. డాబా మీద సిగ్నల్ వెతుక్కున్నవాళ్లకు మరో చిక్కు కూడా గుర్తుండే ఉంటుంది. ఆఫీసు పాస్‌వర్డ్ గడువు తీరితే వీపీఎన్ కలవదు, మార్చుకుందామంటే డైరెక్టరీ ఉన్నది వీపీఎన్ అవతల. విండోస్ లాగిన్ తెర కంటే ముందే వీపీఎన్ కలిపే సదుపాయం, వెబ్‌లో పాస్‌వర్డ్ మార్చుకునే పేజీ ముందే పెట్టుకున్న కంపెనీలు తేలిగ్గా గట్టెక్కాయి. మిగతా చోట్ల హెల్ప్‌డెస్క్ ఫోన్లు మోగుతూనే ఉన్నాయి.

2022 ఏప్రిల్ 28న మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో వీపీఎన్ అమ్మే కంపెనీలు కస్టమర్ల వివరాలు ఐదేళ్లు దాచాలన్న అంశం మీదే చర్చంతా నడిచింది. ఆఫీసులు తమ ఉద్యోగుల కోసం నడుపుకునే వీపీఎన్‌లకు అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు. కానీ అవే ఆదేశాల్లో ఆఫీసులకు వర్తించే మరో మూడు అంశాలున్నాయి: సర్వర్ల గడియారాలను అధికారిక సమయంతో కలపాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి, దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. చిన్న కంపెనీలో అడ్మిన్ పని చూసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. ఆ 180 రోజుల లాగ్ ఎలాగూ దాస్తున్నారు కాబట్టి, ఈ వారమే దాన్ని తెరిచి, వీపీఎన్‌లోకి వచ్చినవాళ్ల పేర్లను హెచ్ఆర్ దగ్గరున్న రిలీవింగ్ లెటర్ల జాబితాతో ఒకసారి సరిచూడండి.